బంతి కదిలే వరకు కదలని మనిషి

ప్రశ్న: మేము మిన్నెసోటాలో ఉంటున్నాం. మా అబ్బాయి హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో డిఫెన్సివ్ టాకిల్, అంటే బంతి ఎదుటి జట్టు దగ్గర ఉన్నప్పుడు ముందు వరుస మధ్యలో నిలబడి అడ్డుకునేవాడు. చప్పట్లన్నీ బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లకే. వీడు మ్యాచ్ అంతా ఎదుటివాళ్లను నెట్టుకుంటూ, పడుతూ లేస్తూ ఉంటాడు. ఇంటికి వచ్చి "నేను ఏం చేశానో ఎవరూ చూడలేదమ్మా" అంటాడు. ఆ స్థానంలో ఆడి పేరు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారా? వాడికి ఎవరి గురించి చెప్పమంటారు?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు మిన్నెసోటా నుంచి రాశారు కనుక నాకు వెతుక్కునే పని లేకపోయింది. ఆలన్ పేజ్ గురించి చెప్పండి. 1967 నుంచి 1978 దాకా మీ రాష్ట్రపు వృత్తి జట్టు వైకింగ్స్‌కే ఆడారు. ఆ తర్వాత మీ రాష్ట్ర సుప్రీంకోర్టులోనే ఇరవై రెండేళ్లకు పైగా న్యాయమూర్తిగా ఉన్నారు.

ముందు మీ అబ్బాయి చేసే పని ఎంత కష్టమో మీరు తెలుసుకోవాలి. బంతి ఉన్న జట్టుకు అది ఎప్పుడు కదులుతుందో తెలుసు. ఆట నడిపించి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఎన్నో కేకకు బంతి అందుకుంటాడో వాళ్లు ముందే గుమిగూడి చెప్పుకుని వస్తారు. ఎదురుగా, ఒక చెయ్యి నేలకు ఆనించి వంగి ఉన్న డిఫెన్స్ ఆటగాడికి ఆ లెక్క తెలియదు. తొందరపడి గీత దాటితే అయిదు గజాల పెనాల్టీ. రెప్పపాటు ఆలస్యమైతే తనకంటే బరువైన మనిషి అప్పటికే గుండెల మీద రెండు చేతులూ వేసి ఉంటాడు. అందుకే క్వార్టర్‌బ్యాక్ కేకలను నమ్ముకోకూడదు, బంతినే చూడాలి. దాన్ని క్వార్టర్‌బ్యాక్‌కు వెనక్కి అందించే సెంటర్ ఆటగాడి చేతి కింద అది చలించగానే లేవాలి.

పేజ్ గొప్పతనమంతా ఆ లేవడంలో ఉంది. ఆయన కొండలాంటి మనిషి కాదు. మంచి వయసులో ఆయన బరువు 245 పౌండ్లు, ఆ స్థానానికి అది తక్కువే. ఎదురుగా అడ్డు నిలిచే గార్డు తల ఎత్తి చేతులు చాచేసరికి పేజ్ అతని భుజం పక్కగా లోపలికి జారిపోయేవారు. 1971లో డెట్రాయిట్ లయన్స్‌తో జరిగిన మ్యాచ్ పాత రికార్డింగును నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. రెఫరీలు వెంటవెంటనే రెండు పెనాల్టీలు ఆయన మీద వేశారు. ఆయనకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని నోటితో తీర్చుకోలేదు. ఆ తర్వాత బంతి ఎటు వెళ్లినా అక్కడ ఊదారంగు చొక్కా మీద 88 నంబరే కనిపిస్తుంది. మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ మ్యాచ్ చూడండి. ఒక పని చేయమనండి: బంతిని వదిలేసి 88 నంబరునే చూడమనండి. తను చేసే పనిని బయట నుంచి చూడటం వాడికి అదే మొదటిసారి కావచ్చు.

ఆ ఏడాది వైకింగ్స్ 14 మ్యాచ్‌లలో ప్రత్యర్థులకు ఇచ్చినవి మొత్తం 139 పాయింట్లు, అంటే మ్యాచ్‌కు పది కూడా కాదు. జిమ్ మార్షల్, కార్ల్ ఎల్లర్, గ్యారీ లార్సెన్, పేజ్ కలిసి నిలబడిన ఆ నలుగురి వరుసను "పర్పుల్ పీపుల్ ఈటర్స్" అని పిలిచేవారు. సీజన్ చివర అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఇచ్చే అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం పేజ్‌కు వచ్చింది. డిఫెన్స్ ఆటగాడికి అది రావడం అదే మొదటిసారి. ఆ తర్వాత మరో డిఫెన్స్ ఆటగాడికి, లారెన్స్ టేలర్‌కు, 1986లో వచ్చింది. ఆ జాబితా అక్కడితో సరి. కాబట్టి చప్పట్ల విషయంలో మీ అబ్బాయి బాధ నిజమైనదే, దాన్ని కొట్టిపారేయకండి. అయితే చూసేవాళ్లు చూస్తారని కూడా చెప్పండి. జట్టు కోచ్ వారం వారం రికార్డింగు వేసి చూసేది ముందు ఆ వరుసనే.

ఇంకో సంగతి వాడికి తప్పకుండా నచ్చుతుంది. పేజ్ 1945లో ఒహాయో రాష్ట్రంలోని క్యాంటన్‌లో పుట్టారు. వృత్తి ఫుట్‌బాల్ మహామహుల స్మారక భవనం, హాల్ ఆఫ్ ఫేమ్, ఆ ఊళ్లోనే ఉంది. 1963లో అది తెరిచే ముందు కడుతున్నప్పుడు, హైస్కూలు కుర్రాడైన పేజ్ అక్కడ కూలీగా పనిచేశారు. పాతికేళ్ల తర్వాత, 1988లో, ఆయన కంచు ప్రతిమను ఆ భవనంలోనే పెట్టారు.

ప్రశ్న: పేజ్‌ను గొప్ప ఆటగాడని మీరు ఇంతకు ముందు కూడా రాశారు. కానీ నాలుగు సూపర్ బౌల్‌లు, అంటే వృత్తి లీగ్ ఫైనళ్లు, ఆడి నాలుగూ ఓడిన జట్టు ఆయనది. అధికారిక శాక్ రికార్డుల్లోనూ ఆయన పేరు లేదు. మరి కొలమానం ఏమిటి?
— ఒక పాఠకుడు

జవాబు: నాలుగూ ఓడిన మాట నిజం. కాన్సస్ సిటీ, మయామీ, పిట్స్‌బర్గ్, ఓక్లండ్ జట్లు ఓడించాయి. పిట్స్‌బర్గ్ మీద వైకింగ్స్ చేసినవి ఆరు పాయింట్లు, ఇచ్చినవి 16. ఆ రోజు ఓటమిని డిఫెన్స్ మీద వేయలేం.

శాక్ సంగతి వేరు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసరకముందే అతన్ని పడగొట్టడాన్ని లీగ్ అధికారికంగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1982లో. వైకింగ్స్ నుంచి షికాగో బేర్స్‌కు మారిన పేజ్ చివరి సీజన్ 1981. ఒక్క ఏడాది తేడాతో ఆయన జీవితకాలపు పని లెక్కకు రాకుండా పోయింది. పాత మ్యాచ్‌ల నమోదులు తిరగేసి పరిశోధకులు కూర్చిన అనధికారిక లెక్కలో ఆయనవి 148న్నర. నన్ను అడిగితే దానికంటే పెద్ద అంకె 218. పదిహేను సీజన్లలో ఒక్క మ్యాచ్ కూడా తప్పకుండా వరుసగా ఆడినవి అన్ని. ఆ స్థానంలో మోకాళ్లకు, వేళ్లకు, మెడకు ఏమవుతుందో తెలిసినవాళ్లు ఆ అంకె దగ్గర ఒక క్షణం ఆగుతారు.

ప్రశ్న: నేను ఉద్యోగం చేస్తూ న్యాయశాస్త్రం చదువుతున్నాను. రెండూ కుదరడం లేదు. ఆలన్ పేజ్ ఆడుతూనే లా పూర్తి చేశారని విన్నాను. అది ఎలా సాధ్యమైంది?
— ఒక విద్యార్థిని

జవాబు: మొదటిసారి ఆయనకూ సాధ్యం కాలేదమ్మా. వైకింగ్స్‌లో చేరిన తొలి రోజుల్లోనే ఒక లా కళాశాలలో చేరి, కొద్ది వారాల్లోనే మానేశారు. మళ్లీ 1975లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో చేరారు. అప్పటికి ముప్ఫై ఏళ్లు. 1978లో పట్టా పుచ్చుకున్నారు.

అదే 1978 అక్టోబరులో వైకింగ్స్ ఆయన్ను వదిలేసింది. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆయన అప్పటికి దూరపు పరుగుకు అలవాటు పడ్డారు, బరువు తగ్గింది. ఆ బరువుతో టాకిల్‌గా నిలవలేరని జట్టు తీర్మానించింది. వదిలేసిన ఆటగాడిని తీసుకోవడానికి అప్పట్లో కట్టే రుసుము 100 డాలర్లు. షికాగో బేర్స్ అది కట్టి తీసుకుంది. తగ్గిన అదే బరువుతో ఆయన షికాగోలో మరో 58 మ్యాచ్‌లు ఆడారు. పరుగూ మానలేదు. చాలా ఏళ్ల తర్వాత, ట్విన్ సిటీస్ మారథాన్ జరిగే రోజున దారి పక్కన నిలబడి, పెద్ద ఇత్తడి వాద్యం సూసఫోన్‌ను ఒంటికి తగిలించుకుని ఊదుతూ, పరిగెత్తేవాళ్లను ఉత్సాహపరిచేవారు.

చదువు మీద ఆయనకు అంత పట్టుదల ఎందుకో చెప్పే సంఘటన ఒకటి ఉంది. వైకింగ్స్‌లో ఉండగా ఒకరోజు కోచ్ ఆటగాళ్ల చేత ప్లేబుక్, అంటే జట్టు ఎత్తుగడలు రాసిన పుస్తకం, పైకి చదివించాడు. కొందరు చదవలేకపోయారు. వాళ్లు కళాశాలలు దాటి వచ్చినవాళ్లు, తెలివితక్కువవాళ్లు కారు. బడి వాళ్లను దారి పొడవునా ఆట కోసం నెట్టుకొచ్చింది. ఆ దృశ్యం పేజ్‌ను వదల్లేదు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరే రోజున తనను పరిచయం చేయడానికి కోచ్‌ను కాక, మినియాపొలిస్‌లోని ఒక హైస్కూలు ప్రిన్సిపాల్ విల్లరీన్ బీస్లీని పిలిచారు. అదే ఏడాది పేజ్ విద్యా ఫౌండేషన్ పెట్టారు. అక్కడ ఉపకార వేతనం తీసుకునే కళాశాల విద్యార్థి తనకంటే చిన్న తరగతుల పిల్లలకు చదువులో తోడుండాలి. అది షరతు.

ఇక మీకు పనికొచ్చే మాట. మీరు 1992 నాటి "పేజ్ వర్సెస్ కార్ల్‌సన్" కేసు తీర్పు తెచ్చుకుని చదవండి. మిన్నెసోటాలో న్యాయమూర్తులను ఓటర్లు ఎన్నుకుంటారు. ఆ ఏడాది ఎన్నికకు రావలసిన ఒక సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవీకాలాన్ని గవర్నరు పొడిగించారు, ఎన్నిక ఆగిపోయింది. పోటీ చేయాలనుకున్న పేజ్ కోర్టుకు వెళ్లారు. తమ సహచరుడి పదవి గురించిన కేసు కనుక సిట్టింగ్ న్యాయమూర్తులు తప్పుకున్నారు, వారి స్థానంలో వేరేవాళ్లు కూర్చుని విన్నారు. ఎన్నిక జరపాల్సిందేనని తీర్పు వచ్చింది. పేజ్ నిలబడి గెలిచారు. ఆ కోర్టులో న్యాయమూర్తి అయిన తొలి నల్లజాతీయుడు ఆయనే. 1993 జనవరి నుంచి, డెబ్బై ఏళ్ల విరమణ వయసు వచ్చిన 2015 దాకా అక్కడే ఉన్నారు. తీర్పు చదివాక సందేహాలు ఉంటే మళ్లీ రాయండి.