కొత్త మినియేచర్ గేమ్‌లు: కొనేముందు ఏం చూడాలి?

ఆటల బల్ల: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మినియేచర్ గేమ్‌ల గురించే. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: చేతిలో ఇమిడే చిన్న చిన్న బొమ్మలను బల్ల మీద నిలబెట్టి, పాచికలు వేస్తూ ఆడే యుద్ధపు ఆటలివి. బొమ్మలు ఒక్కొక్కటే పోగు చేసుకుంటూ పోయే రకాన్ని కలెక్టబుల్ అంటారు. బెంగళూరులో మనవాళ్లకు వీటి మీద మోజు పెరుగుతున్నందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది, అందుకే ఈసారి శీర్షిక మొత్తం వీటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: సార్, నేను ఇప్పటిదాకా క్యారమ్స్, చెస్, ఆఫీసులో కటాన్ తప్ప ఏమీ ఆడలేదు. గుండమ్ అసెంబుల్, స్టార్‌క్రాఫ్ట్ బొమ్మల ఆట ఫొటోలు చూశాక మనసు ఆగడం లేదు. మొదటి చూపులో మీకెలా అనిపించాయి? ప్రీఆర్డర్ పెట్టేయమంటారా?
— ఒక పాఠకుడు, మారతహళ్లి

ఆ ఫొటోలు చూసి మనసు ఆగకపోవడంలో తప్పేమీ లేదండీ, నాకూ ఆగలేదు. గుండమ్ అంటే జపాన్ యానిమేషన్ కథల్లోని భారీ రోబోలు, వాటితో ఆడే గుండమ్ అసెంబుల్‌ని అక్కడి బొమ్మల కంపెనీ బందాయ్ 2025లో ప్రకటించింది. గుండమ్ ప్లాస్టిక్ కిట్లను వాళ్లు 1980 నుంచి చేస్తున్నారు. ఇప్పటి కిట్లలో జిగురు అక్కర్లేకుండా ముక్కకు ముక్క టక్కున కూర్చుంటుంది, రంగు వేయకపోయినా బొమ్మ రంగుల్లోనే కనబడుతుంది, అచ్చులు పోయడంలో వాళ్లను మించినవాళ్లు లేరని నా అభిప్రాయం. కాబట్టి బొమ్మ బాగుంటుందా అన్న అనుమానం నాకు లేదు, ఆట బాగుంటుందా అన్నదే అసలు ప్రశ్న. గుండమ్ కిట్లు కొనేవాళ్లలో చాలామందికి ఆనందం దాన్ని కట్టి అద్దాల బీరువాలో పెట్టుకోవడంతోనే తీరిపోతుంది. అదే మనిషి ప్రతి ఆదివారం బొమ్మలు సర్దుకుని ఇంకొకరి ఇంటికి వెళ్లి రెండు గంటలు ఆడాలంటే రూల్స్‌లో అంత పట్టు ఉండాలి.

స్టార్‌క్రాఫ్ట్‌ది ఇంకో కథ. 1998లో వచ్చిన కంప్యూటర్ గేమ్ అది, దాన్ని బల్ల మీదికి తెస్తున్నది పోలండ్‌కు చెందిన ఆర్కాన్ స్టూడియో. నాకు మొదటి చూపులో నచ్చింది అందులోని మూడు పక్షాల ఆకారాలు. బరువైన కవచాలు తొడుక్కున్న టెర్రన్ సైనికులు, గుంపుగా మీదపడే జెర్గ్ జీవులు, పొడుగ్గా సన్నగా నిలబడే ప్రోటాస్ యోధులు. బల్లకు అవతలి కొస నుంచి చూసినా ఏ బొమ్మ ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది, పది పదిహేను బొమ్మలు కలగలిసిపోయి నిలబడ్డప్పుడు దీని విలువ అర్థమవుతుంది. నాకున్న అనుమానమల్లా వేగం గురించి. కంప్యూటర్ మీద ఆ ఆట రుచి అంతా తొందరలో ఉంది: ఒక పక్క ఖనిజం తవ్వించాలి, ఇంకో పక్క స్థావరం కట్టాలి, ఈలోపు శత్రువు వచ్చేస్తుంటాడు. బల్ల మీద వంతులవారీగా ఆడేటప్పుడు ఆ హడావుడిని రూల్స్ ఎలా పట్టుకుంటాయన్న దాని మీదే నేను చివరి మాట చెబుతాను.

ఇక ప్రీఆర్డర్ సంగతి. ఫొటోలో బొమ్మకు రంగు వేసింది చేయి తిరిగిన చిత్రకారులు, మీ పెట్టెలో వచ్చేది చాలా ఆటల్లో రంగులేని ప్లాస్టిక్ ముక్కలు. ముందే రంగు వేసి వచ్చే రకమైతే ఫ్యాక్టరీలో వేలకొద్దీ బొమ్మలకు వేసిన రంగు అది, ముఖం మీద కళ్లు కాస్త పక్కకు జరిగి ఉండటం మామూలే. అందుకని ఫొటో చూసి మురిశాక రూల్స్ పుస్తకం చూడండి. చాలా కంపెనీలు దాన్ని పీడీఎఫ్‌గా ఉచితంగానే పెడతాయి. ప్రింటు తీసుకుని, సీసా మూతల మీద బొమ్మల పేర్లు రాసి, డైనింగ్ టేబుల్ మీద రూమ్మేట్‌తోనో చెల్లెలితోనో రెండు ఆటలు ఆడండి. మూతలతో ఆడినా అవతలి మనిషి "ఇంకొక్కటి ఆడదాం" అన్నారంటే ఆ గేమ్ కొనొచ్చు, బొమ్మలొస్తే ఇంకా బాగుంటుంది. మూతలతో విసుగొచ్చిన ఆటకు బొమ్మలు తెచ్చే ఊపు నాలుగు వారాలకు మించి ఉండదు, అంతా ఆరంభ శూరత్వమే.

రూల్స్ ఇంకా బయటకు రాకపోతే డబ్బు కట్టకండి. వచ్చాక కూడా నేను ఒక్కటే గట్టిగా చూస్తాను: ఆ ఒక్క స్టార్టర్ పెట్టెతో ఇద్దరు పూర్తి ఆట ఆడగలరా? పాచికలు, కొలత స్కేలు, రెండు పక్షాల బొమ్మలు అన్నీ అందులోనే ఉండాలి. "మిగతాది తర్వాతి పెట్టెల్లో వస్తుంది" అన్న గేమ్‌ని, అది ఎంత అందంగా ఉన్నా, నేను పక్కన పెడతాను. ఆ తర్వాతి పెట్టెలు మన ఊరి షాపులకు ఎప్పుడొస్తాయో, అసలు వస్తాయో రావో ఎవరూ హామీ ఇవ్వలేరు.

ప్రశ్న: నమస్తే అండీ. మా బాబు ఎనిమిదో తరగతి. లోపల ఏ బొమ్మ ఉందో తెలియని పెట్టెలు కొంటున్నాడు, వచ్చిన బొమ్మే మళ్లీ వస్తే అన్నం కూడా సరిగా తినడు. కొత్తగా ఇంకో గేమ్ వస్తోందట, దానికీ ఇప్పటి నుంచే డబ్బులు దాస్తున్నాడు. ఆపేయమనాలా?
— ఒక తల్లి, ఎలక్ట్రానిక్ సిటీ

ఆటను ఆపకండమ్మా, కొనే పద్ధతి మార్పించండి. ఇంత చిన్న వయసులో నెలల తరబడి డబ్బు దాచుకోవడం మంచి గుణమే, ఆ దాచిన డబ్బు ఎటు పోతోందో వాడికి లెక్క చూపించాలి అంతే.

ఒక సెట్‌లో 10 రకాల బొమ్మలున్నాయనుకోండి, పెట్టెకు ఒకటి చొప్పున, అన్నీ సమానంగానే దొరుకుతాయనుకుందాం. పదీ పోగవ్వాలంటే సగటున 29 పెట్టెలు కొనాలి. అదే 20 రకాలుంటే సుమారు 72. ఎందుకంటే మొదట్లో ఏది తీసినా కొత్తదే, చివరికొచ్చేసరికి తీసిన ప్రతిదీ ఉన్నదే. చివరి ఒక్క బొమ్మ కోసమే, 10 రకాల సెట్‌లో, సగటున 10 పెట్టెలు పడతాయి. ఇది అన్నీ సమానంగా దొరికినప్పటి మాట, నిజంగా అమ్మే సెట్లలో అలా ఉండదు. సూపర్ హీరోల బొమ్మలతో ఆడే హీరోక్లిక్స్‌నే తీసుకోండి, కామన్, అన్‌కామన్, రేర్, సూపర్ రేర్, ఆ పైన ఛేజ్ అని మెట్లుంటాయి, పై మెట్టు బొమ్మలు ఎప్పుడో ఒకసారి గానీ కంటబడవు. కాగితం, పెన్ను ఇచ్చి, ఒక పాచికతో ఆరు అంకెలూ పడేదాకా ఎన్నిసార్లు వేయాల్సి వచ్చిందో వాడినే రాయమనండి. మీరు చెప్పే పది మాటల కన్నా అది బాగా ఎక్కుతుంది.

మన ఇళ్లలో బొమ్మల కొలువుకు ఏటా ఒకటో రెండో కొత్తవి కలుపుతాం కదా, చూసి, చేతిలోకి తీసుకుని, నచ్చిందే కొంటాం. మినియేచర్లలోనూ అలా కొనే దారి ఉంది, దాన్ని సింగిల్స్ అంటారు, పెట్టె విప్పేసి ఒక్కో బొమ్మను విడిగా అమ్ముతారు. అరుదైనది కాకపోతే విడి బొమ్మ చాలాసార్లు పెట్టె కన్నా చవక. వాడి స్నేహితులు నలుగురైదుగురు కలిసి కొని, రెండోసారి వచ్చినవి మార్చుకుంటే ఇంకా మంచిది, అప్పుడు మళ్లీ వచ్చిన బొమ్మ బాధ పెట్టదు, మార్పిడికి సరుకవుతుంది. నెలకు ఇంత అని మీరిద్దరూ కూర్చుని ఒక మొత్తం అనుకోండి, అది దాటొద్దు. ఇంకో విషయం, 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. పెట్టె మీద వయసు ఎంతని రాశారో, గుర్తు ఉందో లేదో చూడండి, ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే ఈ కత్తులూ ఈటెలూ వాళ్ల నోట్లోకి పోకుండా చూసుకోండి.

కొత్తగా వచ్చే గేమ్ విషయంలో వాడికి ఒకే షరతు పెట్టండి: లోపల ఏముందో పెట్టె మీద రాసి ఉన్న స్టార్టర్ సెట్ ఉంటేనే కొనాలి. లోకంలో గాలి కూడా అటే మళ్లుతోంది. 2008లో లోపల ఏముందో తెలియని పెట్టెలతో వచ్చిన మాన్‌స్టర్‌పోకలిప్స్ అనే మినియేచర్ గేమ్‌ని, 2018లో మళ్లీ తెచ్చినప్పుడు ఏ పెట్టెలో ఏముందో చెప్పే అమ్మారు.

ప్రశ్న: ఇరవై ఏళ్ల కిందట అమెరికాలో ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు మేజ్ నైట్, మెక్‌వారియర్ బొమ్మలు చాలా కొన్నాను. కంపెనీ మూతపడింది, ఇప్పుడవి అటక మీద అట్టపెట్టెలో ఉన్నాయి. కొత్త గేమ్‌లు చూస్తే మళ్లీ ఆశ పుడుతోంది, మళ్లీ అదే గతి పడుతుందేమోనని టెన్షన్‌గానూ ఉంది.
— వైట్‌ఫీల్డ్ నుంచి

అన్నా, ముందు ఆ పెట్టె దించండి! మీ దగ్గరున్నది ఈ రంగం చరిత్రలో చాలా ముఖ్యమైన ముక్క. విజ్‌కిడ్స్ సంస్థ 2000లో మేజ్ నైట్‌తో తెచ్చిన ఉపాయం ఏమిటంటే, బొమ్మ కాళ్ల కింద తిరిగే డయల్. దెబ్బ తగిలినప్పుడల్లా ఒక్కో క్లిక్ తిప్పితే కొత్త అంకెలు కనబడతాయి, బొమ్మ నీరసపడుతున్నట్టు మీ కళ్లకే తెలుస్తుంది. ఎవరికెంత దెబ్బ తగిలిందో కాగితం మీద రాసుకునే పని పోయింది. 2002లో హీరోక్లిక్స్, మెక్‌వారియర్ రెండూ ఆ డయల్ మీదే వచ్చాయి. 2003లో టాప్స్ అనే కంపెనీ ఆ సంస్థను కొనుక్కుంది, 2008 నవంబర్‌లో మూసేసింది, 2009లో నేకా అనే ఇంకో కంపెనీ తీసుకుని హీరోక్లిక్స్‌ను మళ్లీ నిలబెట్టింది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కొత్త సెట్లు వచ్చాయి.

మీ భయం న్యాయమైనదే. డ్రీమ్‌బ్లేడ్ అని 2006లో ఎంతో ఆర్భాటంగా వచ్చింది, 2007కల్లా కొత్త సెట్లు ఆగిపోయాయి. 2012లో మొదలైన స్టార్ వార్స్ ఎక్స్-వింగ్ ఎన్నో దేశాల్లో టోర్నమెంట్లు జరిగిన గేమ్, దానికి కూడా 2024లో కంపెనీ స్వస్తి చెప్పింది. అయినా ఆడేవాళ్లు మానలేదు, వాళ్లే రూల్స్ సరిదిద్దుకుంటూ నడుపుకుంటున్నారు. హీరోస్కేప్ 2004లో వచ్చి, 2010లో ఆగి, ముందస్తు చందాలతో తిరిగి తేవాలని 2022లో చేసిన ప్రయత్నం విఫలమై, చివరికి 2024లో రెనెగేడ్ అనే కంపెనీ చేతుల మీదుగా మళ్లీ షాపులకొచ్చింది, రంగు వేసినవీ వేయనివీ రెండు రకాలుగా. అన్నేళ్ల పాటు పాత పెట్టెలు పెట్టుకుని ఆడినవాళ్లు ఉన్నారు కాబట్టే తిరిగి వచ్చిందని నేను నమ్ముతాను.

కాబట్టి కంపెనీ మూతపడితే మన ఆట పోతుందా అన్నది ముందే చూసుకోవచ్చు. ఆటకు కావలసిన అంకెలు డయల్ మీదో, పెట్టెలో వచ్చిన కార్డు మీదో అచ్చై ఉంటే ఆ ఆట మీదే, ఎవరూ తీసుకుపోలేరు. మొబైల్ యాప్ లేకపోతే అడుగు కదలని గేమ్ అయితే, సర్వర్ ఆగిన రోజు మీ చేతిలో బొమ్మలే మిగులుతాయి. ఇంకొకటి, బొమ్మ వేరే ఆటకు కూడా పనికొస్తుందా చూడండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మినియేచర్లు 2003 నుంచి 2011 దాకా వచ్చి ఆగాయి, కానీ కథ చెప్పుకుంటూ ఆడే అసలు ఆటలో పనికొస్తాయి కాబట్టి ఈ రోజుకీ వాటిని ఎవరూ పారేయరు.

మీ పాత బొమ్మలు జిగటగా తగిలితే కంగారు పడకండి, మెత్తటి ప్లాస్టిక్‌కి ఏళ్లు గడిస్తే అలా అవుతుంది. గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, పాత టూత్‌బ్రష్ చాలు. డయల్‌ లోపలికి నీళ్లు పోకుండా చూసుకోండి, బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా తిప్పకండి. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఒక ఆదివారం పొద్దున వాటిని బల్ల మీద పరచండి. కొత్త గేమ్ కొనాలా వద్దా అన్నది ఎవరెవరు వచ్చి కూర్చున్నారో చూశాక తేల్చుకోవచ్చు.

ప్రశ్న: రంగులేని బొమ్మల గేమ్ ప్రీఆర్డర్ చేశాను. వానాకాలంలో వస్తుంది. రంగు వేయడం కొత్త, ఏం జాగ్రత్తలు?
— బీటీఎం లేఅవుట్

గాలిలో తేమ ఎక్కువున్న రోజు స్ప్రే ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొట్టకండి, పొడి చల్లినట్టు గరుకుగా తేలుతుంది. బెంగళూరులో జూన్ నుంచి అక్టోబర్ దాకా అలాంటి రోజులే ఎక్కువ, బ్రష్‌తో వేసే ప్రైమర్ తెచ్చుకోండి. గట్టి పాలీస్టైరీన్ ముక్కలకు ప్లాస్టిక్ సిమెంట్ వాడాలి, అది అంచులను కరిగించి ఒక్కటి చేస్తుంది. మెత్తటి పీవీసీ మీద అది పనిచేయదు, దానికి ఫెవిక్విక్ రకమే. కత్తి వంగిపోయి వస్తే వేడి నీళ్లలో ముంచి, సరిచేసి, వెంటనే చన్నీళ్లలో పెట్టండి. రంగు నీళ్లతో పలచన చేసి రెండు పూతలు వేయండి, ఒకే చిక్కటి పూత వేస్తే ముఖంలోని గీతలన్నీ పూడిపోతాయి.

ప్రశ్న: బయటి దేశం నుంచి నేరుగా తెప్పించుకుంటే చవకేనా?
— హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

వెబ్‌సైట్‌లో కనబడే ధర చూసి లెక్క వేసుకోకండి. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని మన ప్రభుత్వం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచింది. దాని మీద జీఎస్టీ, షిప్పింగ్, కొరియర్ వాళ్ల ఛార్జీలు. ఆర్డర్ పెట్టే రోజు రేటు ఎంతుందో, పార్సెల్‌ను ఏ కేటగిరీ కింద పంపుతున్నారో అమ్మేవాళ్లను అడిగి, అన్నీ కలిపి చూసుకున్నాకే ఇక్కడి షాపు ధరతో పోల్చండి. చాలాసార్లు తేడా మీరనుకున్నంత ఉండదు, పైగా ఒక ముక్క తగ్గితే మార్చి ఇవ్వడానికి షాపువాడు ఇక్కడే ఉంటాడు. ముందస్తు చందాలతో తయారయ్యే గేమ్ అయితే సంవత్సరం ఆలస్యమైనా ఇబ్బంది పడని డబ్బు మాత్రమే పెట్టండి, నలుగురు స్నేహితులు కలిసి ఒకే ఆర్డర్ పెట్టి షిప్పింగ్ పంచుకోండి.