ఆ బంగారు ముద్ర తీసెయ్యమ్మా

చిరంజీవి మాధవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన బ్రోచర్ చూశాను. అమీర్‌పేటలో ఇన్‌స్టిట్యూట్ పెట్టిన రెండేళ్లకే పదకొండు కోర్సులంటే మాటలు కాదు. కానీ నా దగ్గర ఆర్టికల్స్ (సీఏ ట్రైనింగ్) చేసినప్పుడు తేదీ లేని వోచర్‌ని పక్కన పడేసేదానివి. ఇప్పుడు పదకొండు కోర్సులకీ "సీపీఈ అప్రూవ్డ్" అని ఒకటే బంగారు ముద్ర కొట్టేశావేమిటి? సీపీఈ అంటే అకౌంటెంట్లు పని చేస్తూనే గంటల లెక్కన పూర్తి చెయ్యాల్సిన చదువు కదా. ఎవరు అప్రూవ్ చేశారు? ఎన్ని గంటలు? ఎవరి ఖాతాలో పడతాయి?

ఇలాంటి ముద్రకి నేనూ ఒకసారి బోల్తాపడ్డాను. చాలా ఏళ్ల కిందట, డిసెంబర్ చివర్లో, బంజారాహిల్స్ హోటల్లో సర్వీస్ ట్యాక్స్ మీద ఒక సెమినార్. ఆ ఏడాదికి నాకు ఆరు గంటలు తక్కువయ్యాయి. ఫీజు కట్టి రోజంతా కూర్చున్నాను. దళసరి కాగితం మీద సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. జనవరిలో చూసుకుంటే నా లెక్కలో ఒక్క గంటా పడలేదు. ఫోన్ చేస్తే నిర్వాహకుడు "నాలెడ్జ్ వచ్చింది కదా మేడమ్" అన్నాడు. నిజమే, వచ్చింది. కానీ నేను కట్టింది గంటల కోసం!

మన సీఏల సంగతి నీకు తెలిసిందే. ప్రాక్టీస్‌లో ఉండి అరవై దాటనివాళ్లకి మూడేళ్లకి 120 గంటలు, అందులో కనీసం 60 స్ట్రక్చర్డ్. ఆ స్ట్రక్చర్డ్ గంటలు మన సీఏ ఇన్‌స్టిట్యూట్ బ్రాంచిలు, స్టడీ సర్కిళ్ల లాంటి చోట వస్తాయి గానీ నీ క్లాసులో రావు. నీ జీఎస్టీ కోర్సు ఎంత బాగున్నా, మహా అయితే సభ్యుడు తనంతట తాను అన్‌స్ట్రక్చర్డ్ కింద చూపించుకోవాలి. ఆ మాట కోర్సు పేరు కిందే రాసెయ్. "ఈ కోర్సుకి స్ట్రక్చర్డ్ గంటలు రావు" అంటే నలుగురు తగ్గుతారేమో, తగ్గనీ.

గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే అమెరికా సీపీఏల (అక్కడి లైసెన్స్ ఉన్న అకౌంటెంట్ల) లెక్క వేరు. నువ్వు నాస్బాలో, అంటే అమెరికా రాష్ట్రాల అకౌంటెన్సీ బోర్డుల సంఘంలో, స్పాన్సర్‌గా రిజిస్టర్ అయ్యావు, మంచిదే. అక్కడ 50 నిమిషాలకి ఒక క్రెడిట్. నీ వంద నిమిషాల క్లాసుకి 2 క్రెడిట్లు అని వెయ్యాలి, "రెండు గంటలు" అని కాదు. ఏ సబ్జెక్టు కింద వస్తుందో, ఏ స్థాయిదో, ముందు ఏం తెలిసుండాలో, రీఫండ్ ఎలాగో కూడా ఉండాలి. ఇవన్నీ నీ పాత బ్రోచర్‌లో ఉన్నాయి. కొత్తదాంట్లో డిజైనర్ అందం కోసం ఎత్తేసినట్టున్నాడు.

అసలు తంటా నీ రికార్డింగులతో. లైవ్ క్లాసుకి వచ్చిన అనుమతి దాని వీడియోకి వర్తించదమ్మా. అది సెల్ఫ్ స్టడీ. దానికి విడిగా అనుమతి తెచ్చుకోవాలి, చివర పరీక్ష పెట్టాలి, కనీసం 70 శాతం తెచ్చుకుంటేనే క్రెడిట్. నువ్వేమో లైవ్‌కీ వీడియోకీ ఒకటే ముద్ర వేసి, వీడియో సగం ధరకి అమ్ముతున్నావు. రాత్రి షిఫ్ట్ దిగి, కళ్లు మూతలు పడుతుంటే ఆ వీడియో చూసినవాడు లైసెన్స్ రెన్యువల్ ముందు నీకే ఫోన్ చేస్తాడు. అప్పుడు ఏం చెప్తావు?

అందుకని ముద్ర తీసెయ్. ప్రతి కోర్సు పేరు కింద, ధర ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో అంతే పెద్ద అక్షరాల్లో ఒక లైను: ఎవరికి, ఎవరి గుర్తింపు, ఎన్ని క్రెడిట్లు, లైవా రికార్డింగా. ఎక్సెల్ కోర్సుకి గుర్తింపు లేదు కాబట్టి "క్రెడిట్లు లేవు" అని వెయ్. ఆ చోటు ఖాళీగా వదిలితే ఎవరికి నచ్చింది వాళ్లు ఊహించుకుంటారు. ఇంకా పెండింగ్‌లో ఉన్నదాన్ని "త్వరలో" అని ఊరించకు, వచ్చాకే వెయ్. సర్టిఫికెట్ మీదా బ్రోచర్‌లో ఉన్న మాటే ఉండాలి.

మార్చిన కాపీ ఆదివారం పట్టుకురా. రెడ్‌హిల్స్ బ్రాంచిలో నాకు ప్రోగ్రామ్ ఉంది, మధ్యాహ్నానికి అయిపోతుంది. ఎర్ర పెన్ను నేను తెస్తాను.

మీ మేడమ్