మీరడిగారు, నేను చెప్తున్నా: స్కూల్ రిపోర్ట్‌లో ఏం చూడాలి?

ప్రశ్న: అక్కా నమస్తే. మేం టెక్సస్‌లో ఇల్లు కొందామని తిరుగుతున్నాం, బాబు వచ్చే ఆగస్టులో కిండర్‌గార్టెన్‌కి వెళ్తాడు. రెండు ఇళ్ళు నచ్చాయి కానీ వేరే వేరే ఎలిమెంటరీ స్కూళ్ళ జోన్లు. మొదటి స్కూల్లో స్టార్ (STAAR) అనే టెక్సస్ స్టేట్ పరీక్షలో నాలుగింట మూడొంతుల మంది మీట్స్ (గ్రేడ్ లెవెల్ అందుకున్న) మెట్టులో ఉన్నారు, రెండోదాంట్లో సగం కూడా లేరు, పైగా ఎకనామికల్లీ డిసడ్వాంటేజ్డ్, అంటే పేద ఇళ్ళ పిల్లలు సగానికి పైనే. ఫ్రెండ్సంతా మనవాళ్ళు ఎక్కువున్న ఆ మొదటి స్కూలే మంచిదంటున్నారు, ఇల్లేమో అక్కడ రేటు మండిపోతోంది. ఏం చూసి డిసైడ్ అవ్వాలి?
– ఒక తండ్రి, టెక్సస్

జవాబు: తమ్ముడూ, ముందు ఆ నంబర్ ఎవరిదో చూడు. కిండర్‌గార్టెన్ నుంచి ఐదు దాకా ఆరు క్లాసులుంటే స్టార్ రాసేది మూడు, నాలుగు, ఐదు వాళ్ళే. అంటే మీవాడు చేరాక మొదటి మూడేళ్ళు వాడసలు ఆ లెక్కలోనే ఉండడు, వాడికి అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్పే టీచర్ల పనితనం అందులో నేరుగా కనపడదు. ఇంకోటి, మూడో క్లాసులో 60 మంది ఉన్నారనుకో, ఆరుగురు అటూ ఇటూ అయితే చాలు పది శాతం తేడా వచ్చేస్తుంది, దానికే ఈ ఏడు స్కూల్ పడిపోయిందని వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. కనీసం మూడేళ్ళవి పక్కపక్కన పెట్టుకుని చూడు. పాస్ అనే మాట దగ్గర కూడా జాగ్రత్త, అప్రోచెస్ అనే కింది మెట్టు దాటినా పాసే కానీ గ్రేడ్ లెవెల్‌కి వచ్చినట్టు లెక్క మీట్స్ నుంచే. ఒక స్కూల్ అప్రోచెస్ తీసుకెళ్ళి ఇంకో స్కూల్ మీట్స్‌తో పోల్చేసేవాళ్ళని చాలామందిని చూశా.

ఇక అసలు సంగతి. ఎంతమంది పాసయ్యారు అన్న పర్సెంటేజీ చాలా వరకు ఆ స్కూలుకి ఎవరి పిల్లలొస్తున్నారో చెప్తుంది, స్కూల్ ఏం నేర్పిందో చెప్పేది తక్కువ. ఇది కొత్త మాటేం కాదు, 1966లోనే జేమ్స్ కోల్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం అమెరికా అంతా ఆరు లక్షల మందికి పైగా పిల్లల లెక్కలు తీసి, మార్కుల మీద ఇంటి పరిస్థితుల ప్రభావం ఎంత ఎక్కువో చూపించింది. నువ్వు చెప్పిన మొదటి స్కూల్లాంటి చోట్ల ఏం జరుగుతుందో మనకి తెలియందా, సాయంత్రం మ్యాథ్ క్లాసు, శనివారం రైటింగ్ క్లాసు, ఇంట్లో అమ్మానాన్నా ఇద్దరూ ఇంజనీర్లే, ఆ మార్కుల్లో స్కూల్ వాటా ఎంతో విడదీసి చెప్పడం ఎవరి తరం చెప్పు.

అందుకే టెక్సస్ ఒక్కో స్కూలుకి ఏ నుంచి ఎఫ్ దాకా ఇచ్చే గ్రేడ్‌ని అక్కడే వదిలేయకుండా విప్పి చూడాలి. అందులో స్టూడెంట్ అచీవ్‌మెంట్, స్కూల్ ప్రోగ్రెస్ ఈ రెండిట్లో ఏది బాగుంటే దానికి 70 శాతం, క్లోజింగ్ ద గ్యాప్స్‌కి (వేరే వేరే వర్గాల పిల్లలు ఎలా చేస్తున్నారో చూసేది) 30 శాతం. నీకు పనికొచ్చేది స్కూల్ ప్రోగ్రెస్. దాంట్లో ఒక భాగం పిల్లలు పోయినేటి కంటే ఎంత ముందుకెళ్ళారో చూస్తుంది, రెండో భాగం రిలేటివ్ పెర్ఫార్మెన్స్ అని, అంతే శాతం పేద పిల్లలున్న మిగతా స్కూళ్ళతో పోల్చి చూస్తుంది. నీ రెండో స్కూల్ కనక ఇందులో గట్టిగా ఉంటే నేనైతే ఆ ఇల్లే కొంటా, మిగిలిన డబ్బు పిల్లాడికి ఖర్చు పెట్టుకోవచ్చు. ప్రోగ్రెస్ కూడా నీరసంగా ఉంటే మాత్రం మీ ఆవిడ ఎటు చెప్తే అటే.

టాపర్ (TAPR) అని ఒక్కో స్కూల్ గురించి స్టేట్ వాళ్ళదే ఇంకో పెద్ద రిపోర్ట్ ఉంటుంది, జనం ఎందుకో దాని జోలికే పోరు. మొబిలిటీ ఎంతో చూడు, ఆరు వారాలు లేదా అంతకంటే ఎక్కువ ఆ స్కూల్లో లేని పిల్లల లెక్క అది, అది ఎక్కువుంటే టీచర్ ఏడాది పొడుగునా కొత్త పిల్లలతో మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాల్సిందే. టీచర్ల అనుభవం, క్లాసులో ఎంతమంది అన్నవి కూడా అందులోనే దొరుకుతాయి. నాలుగో క్లాసు దాకా 22 మంది దాటకూడదని రూల్, కాకపోతే స్కూల్ డిస్ట్రిక్ట్ వేవర్ (మినహాయింపు) తెచ్చుకుంటే దాటొచ్చు, కాబట్టి వెళ్ళినప్పుడు అడుగు.

మనవాళ్ళ సంగతంటావా, ఏషియన్ అన్న కాలమ్‌లో మనమూ, చైనా వాళ్ళూ, వియత్నాం వాళ్ళూ, నిన్న మొన్న శరణార్థులుగా వచ్చినవాళ్ళూ అందరూ ఒకే గంపలో ఉంటారు, దాన్ని బట్టి మీవాడి గురించి ఏం తెలుస్తుంది? కొన్ని గళ్ళలో నంబర్ బదులు నక్షత్రం గుర్తు (*) ఉంటే తప్పు జరిగిందనుకోకు, మరీ కొద్దిమంది ఉంటే ఎవరి మార్కులో తెలిసిపోతాయని దాచేస్తారు. ఆఖరుగా ఒకటి, ఊరు పెరిగే కొద్దీ డిస్ట్రిక్టులు జోన్లు మార్చేస్తుంటాయి, ఇవాళ ఉన్న స్కూలే ఆరేళ్ళూ ఉంటుందని రాసిచ్చేవాడెవడూ లేడు.

ప్రశ్న: మేడమ్, స్కూల్ ఫారంలో ఇంట్లో మాట్లాడే భాష తెలుగు అని రాశాం, ఇప్పుడు పాపకి ఇంగ్లీష్ టెస్ట్ పెట్టి ఎమర్జెంట్ బైలింగ్వల్ (ఇంగ్లీష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్ల) అన్నారు. తను ఇంగ్లీష్ గడగడా మాట్లాడుతుంది. పేరు చెడిపోతుందా?
– ఒక తల్లి

జవాబు: ఏం చెడిపోదండీ. ఇంకో భాష రాస్తే టెస్ట్ పెట్టడం వాళ్ళ రూల్, చిన్నపిల్లలు కొత్త మనిషి ముందు నోరు విప్పక స్కోరు తగ్గడం మామూలే. ఇంగ్లీష్ నేర్పే ప్రత్యేక సర్వీసులు వద్దని రాసివ్వొచ్చు, కానీ అలా రాసిచ్చినంత మాత్రాన ఆ కోడ్ పోదు, ఆ కోడ్ నుంచి బయటికొచ్చేదాకా ఏటా టెల్పాస్ (TELPAS) అనే ఇంగ్లీష్ పరీక్ష రాయాల్సిందే. నన్నడిగితే వద్దనకండి, మూడో క్లాసు కొచ్చేసరికి చదివేదాంట్లో పదాలు ఒక్కసారిగా బరువెక్కుతాయి, అప్పుడు ఆ సాయం కలిసొస్తుంది. ఇకనుంచి ఇంగ్లీషే అని అబద్ధం రాసేవాళ్ళున్నారు చూడండి, వాళ్ళ లాజిక్ నాకెప్పుడూ అర్థం కాలేదు.

ప్రశ్న: మా స్కూల్లో అందరికీ లంచ్ ఫ్రీ. అంటే అందరూ పేదవాళ్ళేనా?

జవాబు: కాదండీ. ఫుడ్ స్టాంప్స్ లాంటి సాయం ద్వారా నేరుగా అర్హులయ్యే పిల్లలు ఒక మోతాదు దాటితే అడక్కుండానే అందరికీ పెట్టే ఏర్పాటు అది, 2023లో ఆ మోతాదుని 40 శాతం నుంచి 25కి తగ్గించారు, అందుకే ఇలాంటి స్కూళ్ళు పెరిగాయి. కొన్ని వెబ్‌సైట్లు దీన్నే నూరు శాతం ఫ్రీ లంచ్ అని చూపించి భయపెడతాయి. అన్నం ఎలాగూ ఫ్రీ కదా అని ఆదాయం వివరాలడిగే ఫారం మాత్రం చెత్తబుట్టలో పడేయకండి, స్కూలుకొచ్చే స్టేట్ డబ్బుల్లో కొంత ఆ లెక్క మీదే వస్తుంది.