చీరాల అంటే బీచ్ ఒక్కటేనా?

వాడరేవు రిసార్టుల ఫోటోలు చూసి అడిగినట్టున్నారు, కాదండీ, బీచ్ హడావిడి మొన్న మొన్నటిది. మా ఒంగోలు పక్కనే, 2022 దాకా ప్రకాశం జిల్లానే, ఇప్పుడు బాపట్లలో కలిపారు.

అసలు చీరాల నేతన్నల ఊరు. తేలియా రుమాలు, అంటే నూనె పట్టించిన నూలుతో నేసే చదరపు గుడ్డ, పుట్టింది ఇక్కడే అంటారు. నూలుని నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి పిసికి ఎండబెడతారు, అప్పుడే ఎరుపు రంగు బాగా పడుతుంది, ఇక నూనె వాసన మాత్రం ఉతికినా ఓ పట్టాన పోదు. ఇవి అరబ్బు దేశాల దాకా వెళ్ళేవి, ఇక్కడ మాత్రం జాలర్లు తలపాగాగా చుట్టుకునేవాళ్ళు. తర్వాత ఆ పని నల్గొండ వైపు పుట్టపాకలో నిలబడింది, చీరాలలో ఇప్పుడు కుప్పడం చీరలే ఎక్కువ.

ఇంకోటి, చీరాల పేరాల ఉద్యమం. బ్రిటిష్ వాళ్ళు ఈ రెండు ఊళ్ళూ కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు బాదేసరికి, 1921లో స్వాతంత్ర్య సమరయోధుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఇళ్ళకి తాళాలేసి ఊరి బయట రామనగరం అని పాకలేసుకుని దాదాపు పదకొండు నెలలు ఉన్నారు, ఎండా వానా అక్కడే. ఆయన్ని జైల్లో పెట్టాక, డబ్బులూ అయిపోయాక తిరిగొచ్చారనుకోండి, అయినా పన్ను కట్టనని ఊరికి ఊరే ఖాళీ చెయ్యడం మామూలు విషయమా!

వెళ్తే పక్కనే వేటపాలెం జీడిపప్పు కొనుక్కోండి, 1918 నాటి సారస్వత నికేతనం లైబ్రరీ కూడా అక్కడే.