తాగేదెవరు, పోయేదెవరు?

ప్రశ్న: తాగుడంతా పేదరికం వల్ల, చదువు లేకపోవడం వల్లే అంటాడు మా ఆఫీసులో ఒకాయన. మరి అంత డబ్బు, చదువు ఉన్న యూరప్‌లో అంతలా ఎందుకు తాగుతారండీ? చదువుతో తాగుడు తగ్గిన చోటు అసలు ఉందా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఆయన చెప్పింది సగమే నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లెక్క ప్రకారం 15 ఏళ్ళు దాటినవాళ్ళు తలకి ఏడాదికి సగటున 5.5 లీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్ తాగారు, యూరప్ ప్రాంతంలో అయితే 9.2 లీటర్లు. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఇంచుమించు 120 విస్కీ క్వార్టర్లు, అదీ చుక్క ముట్టని వాళ్ళని కూడా కలిపి! పేద దేశాల్లో సగటు తక్కువ, ఎందుకంటే చేతిలో డబ్బు ఉండదు, చాలాచోట్ల ఆడవాళ్ళు తాగరు, కొన్నిచోట్ల మతం ఒప్పుకోదు. మన దగ్గరే చూడండి, తలసరి ఆదాయంలో ఆంధ్రప్రదేశ్ కంటే ముందున్న తెలంగాణలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తాగే మగవాళ్ళు 43 శాతం, ఆంధ్రలో 23 శాతం.

చదువు సంగతీ అంతే. బ్రిటన్‌లో బాగా చదువుకున్న ఆడవాళ్ళే, చదువు తక్కువున్న ఆడవాళ్ళకంటే మోతాదు మించి తాగుతున్నారని తేలింది. మగవాళ్ళలో చాలా దేశాల్లో ఇది తిరగబడుతుంది.

అయితే తాగుడు వల్ల పోయేదెవరు అని అడిగితే లెక్క మారిపోతుంది. ఇద్దరూ ఒకే క్వార్టర్ తాగారనుకోండి, జీతగాడు భోంచేసి, నిద్రపోయి, ఒంట్లో బాగోకపోతే సెలవు పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్తాడు, కూలివాడు ఖాళీ కడుపుతో తాగి, మర్నాడు పనికి పోలేక కూలి పోగొట్టుకుని, కళ్ళు పచ్చబడ్డాక గానీ ఆస్పత్రి మొహం చూడడు. పైగా రోజు కూలీలో సగం అక్కడే పోతే ఇంట్లో పొయ్యి వెలిగేదెలా? ఇంగ్లండ్‌లోనూ పేదలు తాగేది ఎక్కువేం కాదు, చచ్చిపోయేది మాత్రం వాళ్ళే ఎక్కువ. స్కాట్లండ్ 2018 మేలో మద్యానికి కనీస ధర పెట్టి, చవక సీసాల ధర పెంచింది. అది లేకపోతే జరిగేవాటికంటే మద్యం మరణాలు సుమారు 13 శాతం తగ్గాయని 2023లో తేల్చారు, ఎక్కువ మేలు జరిగింది పేద ప్రాంతాల్లోనే. ఆ మందే మన దగ్గరా పనిచేస్తుందని మాత్రం నేను అనను, ఇక్కడ ధర పెంచితే నాటుసారా దిగుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ఉంది, మీ పక్క జిల్లాలోనే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికొచ్చిన దూబగుంట ఆడవాళ్ళు, వాచకంలో ఓ సారా కథ చదివి, ఇది మన కథే కదా అనుకుని ఊళ్ళో సారా దుకాణం మూయించారు. అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి సారా వేలంపాటలనే అడ్డుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బంద్, 1995లో సంపూర్ణ నిషేధం. గమనించారా, ఆ బడికెళ్ళింది తాగేవాళ్ళు కాదు, వాళ్ళ పెళ్ళాలు. మీ ఆఫీసాయన ఎవరికి చదువు చెప్పాలంటున్నాడో ఓసారి అడగండి. ఆ నిషేధం 1997 దాకానే నిలిచింది, ఖజానాకి నష్టమని ఎత్తేశారు.