డ్యూన్ రెండో భాగంలో చానీని మార్చేసి నవలకు అన్యాయం చేశారా?

అడిగిన ప్రశ్న ఇది: నవల చదివినవాళ్లు చానీ పాత్రను చెడగొట్టారని తిడుతున్నారు, చదవని నాకేమో సినిమాలో అందరికంటే ఆవిడే నచ్చింది, ఎవరిది సరైన మాట? ఇప్పుడు నవల చదవడం దండగా?

కథ చివరిదాకా చెప్పకుండా దీనికి జవాబు ఇవ్వలేను. సినిమా చూడనివాళ్లు ఇక్కడితో ఆగిపోండి.

ఫ్రాంక్ హెర్బర్ట్ రాసిన సైన్స్ ఫిక్షన్ నవల డ్యూన్, ఒక ఎడారి గ్రహం కథ. దాన్నే డెని విల్నవ్ రెండు భాగాల సినిమాగా తీశాడు. నవల చదివినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అయినా చానీ విషయంలో నేను సినిమా వైపే. నాకు బాధ కలిగించిన మార్పు వేరే ఉంది, దాని గురించి గొడవపడేవాళ్లు చాలా తక్కువ. అసలు ఆ రెండూ ఒకే సంగతిలో భాగాలని నా అనుమానం.

సివిల్ ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లో దొరికింది నాకు డ్యూన్. మొదటి వంద పేజీలు ఒక పట్టాన కదల్లేదు. ప్రతి పేజీలో నాలుగు తెలియని పదాలు, వెనక్కి తిప్పి పదకోశం చూసుకోవడం, మళ్లీ ముందుకు రావడం. ఎడారి మొదలయ్యాక మాత్రం వదల్లేకపోయాను. అందరూ యుద్ధాల గురించీ, ఇసుకలో తిరిగే రాక్షస పురుగుల గురించీ చెబుతారు గానీ నన్ను పట్టేసింది నీళ్లు. చెమట చుక్క కూడా వృథా కాకుండా ఒంటికి తొడుక్కునే సూట్లు, గాలిలోని తేమను పట్టే ఏర్పాట్లు, చచ్చినవాడి ఒంట్లో నీళ్లు తెగకే చెందుతాయన్న చట్టం. అప్పట్లో మాకు ఇరిగేషన్ ఒక సబ్జెక్టు. మా టెక్స్ట్ బుక్ కంటే ఈ నవల చివర ఉన్న అనుబంధమే శ్రద్ధగా చదివాను!

ఆ శ్రద్ధకు కారణం రచయిత దగ్గరే ఉంది. 1950ల్లో అమెరికాలోని ఆరెగాన్ తీరంలో, ఫ్లోరెన్స్ అనే ఊరి దగ్గర ఇసుక దిబ్బలు కదిలొచ్చి రోడ్ల మీద పడుతుంటే, అక్కడి వ్యవసాయ శాఖ గడ్డి నాటి వాటిని ఆపే పని పెట్టుకుంది. దాని మీద పత్రికకు వ్యాసం రాద్దామని వెళ్లాడు ఫ్రాంక్ హెర్బర్ట్. వ్యాసం పూర్తి కాలేదు, అది పెరిగి పెరిగి నవలైంది. ముందు అనలాగ్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. పుస్తకంగా వేయమంటే ప్రచురణకర్తలు వరసగా కాదన్నారు. చివరికి 1965లో వేసింది చిల్టన్ అనే కంపెనీ, కార్ల రిపేరు మాన్యువళ్లకు పేరున్న సంస్థ.

ఇప్పుడు చానీ దగ్గరకు వద్దాం. ఆమె ఎడారి తెగ అమ్మాయి. పాల్ బయటి గ్రహం నుంచి వచ్చిన కుర్రాడు, తమ జోస్యాల్లో చెప్పిన రక్షకుడు ఇతనేనని ఆ తెగ నమ్ముతుంది. నవలలో ఆమె పాల్‌ను నమ్ముతుంది, ప్రేమిస్తుంది, అతనికి కొడుకును కంటుంది. ఆ పసివాణ్ణి చక్రవర్తి సైనికులు చంపేస్తారు. చివర్లో పాల్ సింహాసనం కోసం రాకుమారి ఇరులాన్‌ను పెళ్లాడతానంటే చానీ సర్దుకుంటుంది. పెళ్లాం హోదా ఆవిడదైనా చరిత్ర మనల్నే భార్యలంటుందని పాల్ తల్లి జెస్సికా ఓదార్చడంతో నవల ముగుస్తుంది. సినిమాలో చానీకి ఈ జోస్యాలంటేనే మంట. బెనె జెసరిట్ అనే స్త్రీల మత సంఘం మన మెడకు తగిలించిన తాడు ఇది అన్న ధోరణిలో మాట్లాడుతుంది. అందరూ పాల్ ముందు మోకరిల్లుతుంటే తను ఒక్కతే వెనక్కి తిరిగి, ఎడారిలోకి వెళ్లి పురుగును పిలుచుకుంటుంది.

మా హాస్టల్ స్నేహితుల వాట్సాప్ గ్రూప్‌లో దీని మీద రోజుల తరబడి గొడవ. ఒకడు "ఈ కాలం అమ్మాయిని తెచ్చి అక్కడ నిలబెట్టారు" అన్నాడు. ఇంకొకడు "మరి నవలలో చానీకి పనేముందిరా, కళ్లు తుడుచుకోవడం తప్ప" అన్నాడు. (అది అబద్ధం. నవలలో ఆమె పోరాడుతుంది, పాల్‌ను సవాలు చేయడానికొచ్చినవాణ్ణి తనే చంపేస్తుంది.)

నా మనసులో తూకం ఎటు మొగ్గిందో థియేటర్లో తెలిసింది. మా బావతో కలిసి వెళ్లాను, ఆయన నవల ముట్టుకోలేదు. పాల్ మొదటిసారి పురుగెక్కినప్పుడు హాలంతా ఈలలు. సరే, అక్కడ వేయాల్సిందే. కానీ దక్షిణాన వేలమంది ముందు నిలబడి తనే రక్షకుణ్ణని పాల్ గర్జించే సీన్ ఉంది చూడండి, అక్కడ అంతకు రెట్టింపు ఈలలు. మన స్టార్ హీరో ఇంటర్వెల్‌కు ముందు కొట్టే డైలాగ్‌కు పడ్డట్టు పడ్డాయి. నిజానికి ఆ సీన్ భయపెట్టాలి. అతని మాటకు లేచే మంటలో కోట్లమంది పోతారని అతనికే తెలుసు. ఆ గోలలో కెమెరా చానీ ముఖం మీదకు వెళ్లింది. ఆ ముఖం చూశాక ఈలలు కాస్త తగ్గాయి. సినిమా అయ్యాక బయటికొస్తూ బావ అడిగింది ఒక్కటే: "వాడు గెలిచాడు కదా, ఆ అమ్మాయి ఎందుకు ఏడుస్తూ పోయింది?" ఆ ప్రశ్న పుట్టించడానికే హెర్బర్ట్ నవల రాశాడు. అప్పటి పాఠకులు చాలామంది పాల్‌ను మామూలు హీరోగానే తీసుకున్నారు. 1969లో వచ్చిన రెండో నవల డ్యూన్ మెస్సయ్య ఆ భ్రమను నిర్దాక్షిణ్యంగా కూల్చేస్తుంది.

ఇక నేను బాధపడ్డ మార్పు. నవలలో కైన్స్ అనే పర్యావరణ శాస్త్రవేత్త ఉంటాడు. మొదటి సినిమాలో ఆ పాత్రను స్త్రీగా మార్చారు, 2021లో దాని మీదా రభస జరిగింది. నాకు అదేం పట్టింపు లేదు, షారన్ డంకన్ బ్రూస్టర్ బాగా చేసింది. పోయింది కైన్స్ చావు. సినిమాలో వీరోచితంగా, పురుగును పిలిచి సైనికులతో సహా మునిగిపోతుంది. నవలలో సూట్ లేకుండా ఎడారిలో వదిలేస్తారు. ఎండకు మతి చలించి, చనిపోయిన తండ్రి పాఠం చెబుతున్నట్టు వినిపిస్తుంటుంది. గడ్డి ఎక్కడ నాటాలి, నీళ్లెలా పోగేయాలి, గ్రహం పచ్చబడటానికి మూడొందల నుంచి ఐదొందల ఏళ్లు ఎలా ఓపిక పట్టాలి అంటూ. ఆ గొంతే, నీ ప్రజలు ఒక హీరో చేతుల్లో పడటాన్ని మించిన విపత్తు ఇంకోటి లేదని కూడా అంటుంది. ఆ తర్వాత కాళ్ల కింద నేల పేలి కైన్స్ పోతాడు. మొత్తం నవలలో నాకిష్టమైన నాలుగు పేజీలు అవే.

నవలలో చానీ ఎవరో తెలుసా? ఆ కైన్స్ కూతురు. సినిమాలో ఆ చుట్టరికం మాటే రాదు. కానీ తాత చెప్పిన హెచ్చరికను సినిమా తీసుకెళ్లి మనవరాలి నోట్లో పెట్టింది. అందుకే మూలాన్ని పాడుచేశారన్న వాదన నాకు ఎక్కదు. ఎటొచ్చీ హెచ్చరిక వచ్చింది గానీ దానితో ఉన్న నీళ్ల లెక్క రాలేదు. సినిమాలో గుహలోని నీళ్లు పవిత్రమైనవి, చచ్చినవాళ్ల జ్ఞాపకం. నవలలో అవి రాబోయే తరాల కోసం చుక్కచుక్కగా దాచిన పెట్టుబడి. పైగా అందులో ఒక మెలిక ఉంది: నీళ్లు ఇసుక పురుగులకు విషం. గ్రహం పూర్తిగా పచ్చబడితే పురుగులు పోతాయి, వాటి వల్లే పుట్టే, అందరూ కొట్టుకునే విలువైన పదార్థం స్పైసూ పోతుంది. 1984లో డేవిడ్ లించ్ తీసిన సినిమా ఏకంగా చివర్లో వాన కురిపించేసింది! అది చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దానితో పోలిస్తే డెని విల్నవ్ ఎంతో నయం.

మిగతా ఫిర్యాదుల్లో ఒకటి ఒప్పుకుంటాను. నవలలో మధ్యలో రెండేళ్లకు పైగా గడుస్తాయి, పాల్ చెల్లెలు ఆలియా పుడుతుంది, ఆ పసిపిల్లే విలన్ అయిన బారన్‌ను విషపు సూదితో చంపుతుంది. సినిమాలో కథంతా జెస్సికా కడుపుతో ఉండగానే అయిపోతుంది. ఆ కొన్ని నెలల్లోనే పరాయి కుర్రాణ్ణి దేవుణ్ణి చేసేశారంటే నమ్మబుద్ధి కాలేదు. తెర మీద రెండేళ్ల పిల్ల పెద్దవాళ్లలా మాట్లాడితే నవ్వొస్తుందని మానేసి ఉంటారు, అర్థం చేసుకోగలను. మెంటాట్లను (కంప్యూటర్లలా లెక్కలు కట్టే మనుషులు), గిల్డును (అంతరిక్ష రవాణా నడిపే సంఘం) పక్కన పెట్టడం గురించి కొట్టుకునే ఓపిక నాకు లేదు. కథ మార్చకుండా తీసింది చూడాలంటే 2000లో వచ్చిన మూడు భాగాల టీవీ సిరీస్ ఉంది. చాలా సీన్లు నాటకం సెట్‌లో తీసినట్టుంటాయి.

మీరు నవల తప్పకుండా చదవండి, సినిమా ముందు చూడటం వల్ల మీకు నష్టమేమీ లేదు. పాత్రల ముఖాలు ముందే తెలుసు కాబట్టి నేను పడ్డ ఆ వంద పేజీల కష్టం సగం తగ్గుతుంది. చివరనున్న మొదటి అనుబంధం, గ్రహం పర్యావరణం మీద ఉన్నది, వదలకండి. తర్వాత డ్యూన్ మెస్సయ్య అందుకోండి, చిన్న పుస్తకమే. విల్నవ్ మూడో సినిమాకు అదే ఆధారం. ఆ పుస్తకంలో చానీ పాల్ పక్కనే ఉంటుంది, సినిమాలో ఏమో అతన్ని వదిలి వెళ్లిపోయింది. ఈ ముడిని ఎలా విప్పుతారన్నది మా గ్రూప్‌లో ఇప్పుడు నడుస్తున్న గొడవ.