.308 కి 1:10 ట్విస్టే తీసుకోమనండి

అన్నా, డాలస్‌లో మీ బావగారు జింకల వేటకి .308 (తూటా వ్యాసం 0.308 అంగుళాలు) రైఫిల్ కొంటున్నారని, బారెల్ ట్విస్ట్, అంటే లోపలి గాళ్ల మెలిక, 1:10 మంచిదా 1:12 మంచిదా అని అడిగారు కదా. 1:10. అంటే 10 అంగుళాలకి తూటా ఒక చుట్టు తిరుగుతుంది. అందరూ గ్రెయిన్లు (తూటా బరువు) చూస్తారు గానీ, చూడాల్సింది తూటా పొడవు. అదే బరువులో రాగి తూటా సీసం దానికన్నా పొడుగు, ఎక్కువ తిప్పాలి. 1879 నాటి గ్రీన్‌హిల్ లెక్క వేయండి: తూటా వ్యాసం వర్గాన్ని 150తో గుణించి, పొడవుతో భాగిస్తే ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు కావాలో వస్తుంది. 1.3 అంగుళాల తూటాకి దాదాపు 11 వస్తుంది. 1:12 అయితే బొటాబొటీ. తిప్పుడు చాలకపోతే కాగితం మీద గుండ్రటి చిల్లు పడదు, తాళం కన్నంలా పడుతుంది. బెంగళూరులో మనకి వేట నేరం కాబట్టి నా చిన్న .22 రైఫిల్‌కి 1:16 చాలు, రేంజ్‌లో కాగితాలే నా జింకలు!